వెలయు, విలువయు

మన యాడుపిల్లలు నేడు పెద్ద చదువులు చదువుచున్నారు. వాణిజ్యశాస్త్రమునందును, వ్యాపారనిర్వహణమునందును పట్టము పుచ్చుకొనిన పిమ్మట మఱి రెండేండ్లు చదివి, తుదకు సిద్ధాంతవ్యాస మొకటి వ్రాసి యిచ్చువారు ప్రతి యూరను కలరు. ఆ వ్యాసములలో నొక తెగ యున్నది. ఏదేని యొక కంపెనీని గైకొని, దాని లెక్కలన్నియు సేకరించి, చదివి, దాని వాటా యొకటి నిజముగా నెంత చేయునో నిర్ణయించుట ఆ తెగ వ్యాసముల పని. బజారులో వాటా వెల యెంతయో యెల్లరకును తెలియును. విలువ యెంతయో మాత్ర మెక్కడను వ్రాసియుండదు. దానిని కట్టి చూపుటయే పిల్లలకు పెట్టిన పరీక్ష.

ఇది బొంబాయి బ్రోకర్లకు దక్క నితరులకు బోధపడని విద్య యని మనలో పలువు రనుకొందురు. మేమట్లు తలపము. మాకు కాలేజీ చదువు లేదు. మా నాయనగారు మమ్ము పీటపై కూర్చుండబెట్టుకొని భారతభాగవతములును, కొంత సంస్కృతమును, పావులూరి మల్లన గణితములోని కొన్ని లెక్కలును చెప్పిరి. ఆ పాటి చదువుతో పదునైదేండ్లుగా బడిపంతులుగారి జీతముపై సంసారము నడుపుచున్నాము. గడచిన వేసవిని మా యాడుబిడ్డ కుమార్తె యిట్టి వ్యాసమును వ్రాయుటకై రెండు నెలలు మా యింట నుండెను. మా యూరిలో సందడి తక్కువ. పైగా మేనమామ లెక్కల పంతులు. ఆ రెండు నెలలును ఆ కాగితములు మా వంటయింటి గడపదాక పఱచుకొని యుండుటచే, ఆ పని యెట్టిదో దగ్గఱనుండి చూడగలిగితిమి. చూచినది సోదరీమణులకు చెప్పదగినదని తోచినది.

కంపెనీ నెన్నుకొను స్వేచ్ఛ విద్యార్థినిదే. తోడివారందఱును నేడు పేరు మ్రోగుచున్న మందుల కంపెనీలను, బ్యాంకులను ఎన్నుకొనిరి. మా పిల్ల యెన్నుకొన్నది సత్యం కంప్యూటర్ సర్వీసెస్. అది 1987లో హైదరాబాదున పుట్టి, 2001లో న్యూయార్కు ఎక్స్ఛేంజి వఱకు నెక్కి, 2009 జనవరి 7వ తేదీన తన యధ్యక్షులే లెక్కలు బూటకములని యుత్తరము వ్రాయగా కుప్పగూలి, 2013లో టెక్ మహీంద్రాలో కలసిపోయి, తుదకు పేరును మిగులని కంపెనీ. "చచ్చినవాళ్ల జాతకం చూస్తావేమిటే" అని నేస్తురాండ్రు నవ్విరట. ఆ యుత్తరము వచ్చిననాటికి మా పిల్ల పలక పట్టిన పసిది. ఐనను హైదరాబాదులో నేటికిని ఆ పేరెత్తినంతనే పెద్దవారు మాట ఆపి యొక్క క్షణ మూరకుందు రనియు, అందుచేతనే తన కది తెలిసికొనవలెనని కలిగిన దనియు చెప్పెను.

ఆమె వేసికొనిన ప్రశ్న యిది. ఆ యుత్తరమునకు ముందునాటి రాత్రి, అనగా జనవరి 6వ తేదీ రాత్రి, తనవంటి విద్యార్థిని యొకతె, పదుగురికి దొరకు కాగితములు మాత్రమే ముందు పెట్టుకొని కూర్చుండిన యెడల, ఆ వాటా కెంత విలువ కట్టియుండును? కట్టుచుండగా నెచ్చటనైన నామె కలము ఆగియుండునా?

ఇక విలువ కట్టు విధమును గుఱించి కొంచెము చెప్పవలయును. పాడిగేదెను కొనునపుడు మనము దాని మెడలోని గంటను చూచి వెల యీయము. పూట కెన్ని శేర్లు పాలిచ్చును, గడ్డికి చిట్టుకు నెంత యగును, ఇంక నెన్ని యీతలు ఈనును, అని చూతుము. కంపెనీ వాటాయు నంతియే. ఏటేట ఖర్చులు పోగా నిజముగా చేతికి వచ్చు సొమ్మే దాని పాలు. ఐతే పదేండ్లకు రాబోవు రూపాయి నేటి రూపాయితో సమానము కాదు. నూటికి పది చొప్పున చక్రవడ్డీ వచ్చునెడల, పదేండ్లకు వచ్చు వేయి రూపాయలకు నేటి విలువ సుమారు 386 రూపాయలే. వడ్డీ ఏడైనచో 508. పదునాలుగైనచో 270. మల్లనకు మూలమైన మహావీరాచార్యుల గణితసారసంగ్రహములో వడ్డీ లెక్కలు కావలసినన్ని యున్నవి. అసలు నుండి వడ్డీతో ముందునకు పోవుట అందఱెఱిగినదే. తుది మొత్తము నుండి నేటికి వెనుకకు వచ్చుటను విలోమ మనవచ్చును. మావారు ఈ మాట చెప్పగానే మా పిల్ల నివ్వెఱపోయి, "ఇంతేనా మామయ్యా? దీనికి మా క్లాసులో నాలుగు వారాలు పట్టింది" అనెను.

ఈ విలోమపు లెక్కను వాటాలకు శాస్త్రముగా నమర్చిన గ్రంథమును ఒక విద్యార్థి వ్రాసిన సిద్ధాంతవ్యాసమే యగుట వింత. అమెరికాలో జాన్ బర్ విలియమ్స్ అను నతడు వాటాల వ్యాపారములో పనిచేయుచు 1929 నాటి పతనమును కన్నులార చూచి, దానికి కారణము తెలిసికొనవలెనని 1932లో హార్వర్డు విశ్వవిద్యాలయములో తిరిగి విద్యార్థిగా చేరెను. వాటా యొక్క నిజవిలువను గుఱించి వ్రాయుమని షుంపీటరు పండితుడు సూచించెను. వ్రాసిన దానిలో బీజగణితము హెచ్చుగా నున్నదని ప్రచురణకర్తలు త్రోసిపుచ్చగా, అచ్చుఖర్చులో కొంత తానే భరించి 1938లో హార్వర్డు ముద్రణాలయముచే వేయించెను. పట్టము 1940లో గాని రాలేదు. నేడు దేశదేశముల విద్యార్థులు చేయు లెక్కకు ఆ పుస్తకమే మూలము. మద్రాసు లయోలా కాలేజీలో చదివి న్యూయార్కు విశ్వవిద్యాలయములో నాచార్యులైన అశ్వత్ దామోదరన్‌గారు ఈ విద్యను బోధించుటలో ప్రసిద్ధులు. వారు తమ పాఠములను, పట్టికలను ఎల్లరకును ఉచితముగా నిచ్చుచున్నారు. మా పిల్ల ఆ పాఠములను రాత్రులయందు వినుచుండగా మా పొరుగింటివారు ఏదో హరికథ యనుకొనిరి.

కొన్ని దినములు పిల్ల కాగితములు పోగుచేయుటలోనే గడచినవి. కంపెనీలు ఏటేట ప్రకటించు నివేదికలో మూడు పట్టికలుండును. ఒకటి ఆస్తి యప్పుల పట్టిక. రెండవది లాభనష్టములది. మూడవది నగదు రాకపోకలది. మనము గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. సరకమ్మి బిల్లు వ్రాసినంతనే ఆ మొత్తము అమ్మకములలో చేరును. సొమ్ము వచ్చినను రాకపోయినను లాభము కనబడును. రాని సొమ్ము "రావలసిన బాకీలు" అను శీర్షిక క్రింద ఆస్తిలో కూర్చుండును. ఊరిలోని కిరాణా కొట్టువాని ఖాతాపుస్తకమే యిది. పేరులు మాత్రము పెద్దవి.

2008 మార్చితో ముగిసిన సంవత్సరమునకు సత్యం ప్రకటించిన అమ్మకములు సుమారు 8,470 కోట్ల రూపాయలు; లాభము సుమారు 1,690 కోట్లు. వాటాలు సుమారు 67 కోట్లు. కావున వాటాకు 25 రూపాయల లాభము. వ్యాపారము పెరుగుటకై అందులో నైదు రూపాయలు తిరిగి పెట్టవలసి వచ్చుననియు, ఇరువది రూపాయలు చేతికి మిగులుననియు పిల్ల అనుకొనెను. సొమ్ము పెట్టువాడు నూటికి 14 వడ్డీ కోరుననియు, కంపెనీ యేటికి 6 వంతున పెరుగుననియు పెట్టుకొని, రెంటికి గల వ్యత్యాసమైన 8చే భాగింపగా 250 రూపాయలు వచ్చెను. దీనికి తోడు 2008 సెప్టెంబరు 30 నాటికి బ్యాంకులలో 5,361 కోట్ల నగదున్నదని కంపెనీ చెప్పియుండెను. అది వాటాకు 80 రూపాయలు. వెరసి 330 రూపాయలు. జనవరి 6వ తేదీన బజారులో వాటా వెల సుమారు 179 రూపాయలు మాత్రమే.

ఇక్కడ నొక మాట. పెరుగుదల 6కు మాఱు 8 అనుకొన్నచో 250 కాస్త 333 అగును. కోరు వడ్డీ 14కు మాఱు 12 అనుకొన్నచో 500. కంపెనీలో నొక యిటుకయు కదలలేదు. కాగితముపై రెండంకెలు మాత్రమే మాఱినవి. ఈ విద్యలో మాకు మొదట భయము కలిగించినది ఇదియే. ఏ విలువ కావలసిన నా విలువకు తగిన పెరుగుదలను వ్రాసికొనవచ్చును. అందుచేతనే బ్రోకర్ల నివేదికలలోని దశాంశబిందువులను చూచి మోసపోరాదని పర్యవేక్షకులు చెప్పిరని పిల్ల చెప్పెను. అమెరికాలో బెంజమిన్ గ్రాహమ్ అను నాచార్యుడు కట్టిన విలువకన్న బాగుగా తక్కువ వెలకు దొరకిననే కొనుమని శిష్యులకు చెప్పుట యందుకే. ఇచ్చట నా సూత్రమును నిండుగా నెఱవేఱినది. 330 చేయునది 179కి దొరకుచున్నది!

ఆ సాయంకాలము మా పిల్ల ముఖము వాడిపోయి యుండెను. "అత్తయ్యా, నా లెక్క కొనమంటోంది. తెల్లవారితే మునిగిపోయే కంపెనీని కొనమని చెప్పే వ్యాసం నేనెలా ఇవ్వను? పరీక్షకులు నవ్వరూ?" అని వంటయింటి గుమ్మమున చతికిలబడెను. కంపెనీని మార్చుటకు ఇంకను గడు వున్నదనియు, మంచి మందుల కంపెనీ నొకదానిని తీసికొని పదునైదు దినములలో ముగించవచ్చుననియు నేస్తురాలొకతె ఫోనులో చెప్పెనట. వడ్డీని 14 నుండి 27కు పెంచినచో విలువ వెలకన్న తగ్గిపోవుననియు, అప్పుడు "ముందే కనిపెట్టినట్లు" వ్యాసము వ్రాయవచ్చుననియు మఱొకరి సలహా. ఈ రెండవ సలహాను వినినప్పుడు మావారికి కోపము వచ్చినది. ఫలితమును తెలిసికొని వెనుకకు నడచి యంకెలను దిద్దు పిల్లవానిని ఆయన తరగతిలో బల్ల యెక్కింతురు. 330ని అట్లే యుంచి, అది యేల తప్పెనో వెదకుమనిరి. మేమును అదియే చెప్పితిమి. పిల్ల మఱునాడుదయము రామలింగరాజుగారి యుత్తరమును ముందు పెట్టుకొని మరల కూర్చుండెను.

ఆ యుత్తరములోని యంకెలివి. 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేవు. ఆ లేని సొమ్ముపై రావలసిన వడ్డీ యని చూపిన 376 కోట్లును లేవు. 1,230 కోట్ల అప్పు లెక్కలో చూపలేదు. 2,651 కోట్లుగా చూపిన బాకీలలో 490 కోట్లు కల్పితములు. ఆ సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల అమ్మకములు 2,700 కోట్లని ప్రకటింపగా, నిజమునకు 2,112 కోట్లు. నిర్వహణ లాభము 649 కోట్లనగా, నిజమునకు 61 కోట్లు. నాడు వాటా వెల 179 నుండి 40 రూపాయలకు పడిపోయెను.

ఈ యంకెలను పిల్ల చదువుచుండగా మేము బియ్యములో రాళ్లేరుచుంటిమి. అమ్మకములలో కల్పితము 588 కోట్లు. లాభములో కల్పితమును సరిగా 588 కోట్లే. ఇది యేమి యని పిల్ల నడిగితిమి. ఆమె కూడికలు సరిచూచి, సరిగానే యున్నదనెను. లేని గేదెకు గడ్డి వేయ నక్కఱలేదు గదా! లేని పాలను అమ్మినట్లు వ్రాసినపుడు ఖర్చేమియు నుండదు, వ్రాసినదంతయు లాభమే. పిల్ల యీ మాటను వ్యాసములో వేఱు మాటలలో వ్రాసికొనెను. గేదెను తీసివేసెను. విశ్వవిద్యాలయములలో గేదెలకు ప్రవేశము లేదు కాబోలు.

కల్పిత మచ్చటితో ఆగదు. అమ్మినట్లు బిల్లు వ్రాసితిమి. కొన్నవాడు ఎంతకాలము బాకీ యుండును? ఎన్నడో యొకనాడు చెల్లించినట్లు వ్రాయవలయును. చెల్లించిన సొమ్ము బ్యాంకిలో నున్నట్లు వ్రాయవలయును. అంత సొమ్ము ఊరక యుండరాదు గనుక ఫిక్సెడు డిపాజిటు వేసినట్లు వ్రాయవలయును. డిపాజిటు వేసినపుడు దానికి వడ్డీ వచ్చినట్లును వ్రాయవలయును. ఈ విధముగా ఆఱువేలకు పైబడి బూటకపు బిల్లులు పుట్టించిరని అమెరికా దేశపు సెక్యూరిటీస్ కమిషను 2011లో ప్రకటించెను. కౌటిల్యుడు తన యర్థశాస్త్రములో రాజోద్యోగులు ధనమపహరించు విధములు నలువది యని లెక్కించి యున్నాడు. రానిదానిని వచ్చినట్లు వ్రాయుట వానిలో నొకటి. రెండువేల యేండ్ల నాటి పండితునకు తెలిసిన యుపాయము గాజుమేడలలోని ఆడిటర్లకు ఎన్నియో యేండ్లు తెలియకపోయినది.

తెలియకపోవుటకు కారణమును ఆ కమిషను ప్రకటనలోనే కలదు. బ్యాంకిలో సొమ్మున్నదా యని ఆడిటరు బ్యాంకునకే నేరుగా వ్రాసి, ప్రత్యుత్తరమును నేరుగా తాను పుచ్చుకొనవలయును. ఇచ్చట ఆ యుత్తరములను కంపెనీ చేతికే యిచ్చి పంపుమనిరి. వచ్చిన జవాబులను కంపెనీ చేతినుండియే పుచ్చుకొనిరి. సోదరీమణులారా, పోపుల డబ్బాలో నింత సొమ్మున్నదని వంటమనిషి చెప్పినపుడు మన మేమి చేయుదుము? మూత తీసి చూతుము. "ఉన్నదని చీటీ వ్రాసి యిమ్ము" అని యడిగి, ఆ చీటీని దాచుకొని ఊరకుండు గృహిణిని మేమెఱుగము.

ఐతే మా పిల్ల ప్రశ్న యింకను మిగిలియేయున్నది. ఆడిటరు మూత తీయవచ్చును; విద్యార్థిని తీయలేదు గదా. జనవరి 6 రాత్రి ఆమె ముందున్న కాగితములలో నేమున్నది? ఈ భాగమునకే ఆమె యెక్కువ దినములు పట్టెను. వ్యాసమంతటిలోను మాకు నచ్చిన భాగమును ఇదియే.

మొదటిది, స్థాపకుల వాటా. 2001లో వారి కుటుంబమునకు కంపెనీలో నూటికి 25 పాళ్లుండగా, 2008 నాటికి 9 పాళ్లకు లోబడినది. ఈ సంగతి ప్రకటితమే. తన తోటకాయలు తీపియని ఊరంతయు చాటుచు, తానుమాత్రము తోటను తుండెములుగా అమ్ముకొనువానిని చూచి పల్లెటూరివాడైనను కారణ మడుగును. మిగిలిన వాటాలనుగూడ తాకట్టు పెట్టిరని మాత్రము బయటివారికి తెలియు దారి నాడు లేదు. తాకట్టును బయటపెట్టి తీరవలెనని సెబీ శాసించినది ఆ యుత్తరము వచ్చిన పిమ్మట, 2009 జనవరిలోనే.

రెండవది, మేటాస్ వ్యవహారము. సత్యం పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుకనుండి చదివిన ఆ పేరు వచ్చును. అవి స్థాపకుల కుటుంబమువారి భూమి, కట్టడముల కంపెనీలు రెండు. కంప్యూటరు పని చేయు సత్యం తన సొమ్ము 160 కోట్ల డాలర్లు పెట్టి వానిని కొనునని 2008 డిసెంబరు 16న ప్రకటించిరి. వాటాదారులు మండిపడగా, కొన్ని గంటలలోనే మానుకొనిరి. లేని యాస్తులకు మాఱుగా ఉన్న యాస్తులను నింపుటకు తాము చేసిన తుది ప్రయత్న మదియేనని యుత్తరములో రాజుగారే చెప్పుకొనిరి. లేని 5,000 కోట్లతో కొనబోయినది కుటుంబపు కంపెనీనే గనుక, ఇచ్చిపుచ్చుకొనుట కాగితముపైననే జరిగి, కల్పిత మడగిపోయి యుండెడిది.

మూడవది, నగదే. అంత రొక్కము చేతనున్న కంపెనీ దానిని వాటాదారుల కేల పంచలేదు, వ్యాపారములో నేల పెట్టలేదు? ఈ ప్రశ్న కుత్తరము కాగితములలో లేదు. ఉత్తరము దొరకని యంకెను విలువలో పూర్తిగా కలుపుకొనుట యుక్తమా? ఇచ్చట పిల్లకును మాకును వాదము జరిగినది. ఆడిటరు సంతకమున్న యంకెను విద్యార్థిని కాదనుటకు వీలులేదని ఆమె. కాదన నక్కఱలేదు, వేఱొక గడిలో వేసి "చూడనిది" అని పేరు పెట్టుమని మేము. ఆమె పర్యవేక్షకులు ఈ రెంటిలో మాదానినే ఒప్పుకొనిరట. (కంపెనీ పరిపాలన బాగుగా నున్నదని అదే 2008 సెప్టెంబరులో సత్యమునకు గోల్డెన్ పీకాక్ బహుమాన మిచ్చి, తరువాత వెనుకకు తీసికొనిరి. ఇట్టివానికి మా పిల్ల గడియే పెట్టలేదు.)

తుదకు పట్టికలో మూడు గడులు నిలిచినవి. లెక్కలన్నియు సత్యమని నమ్మినచో 330. నగదును కన్నులార చూచువఱకు కలుపకున్నచో 250. మూడవ గడి యుత్తరములోని యంకెలతో కట్టినది. 649కి 61 చొప్పున ఇరువది రూపాయలను కుదించినచో రెండు రూపాయలకు లోబడును. 8చే భాగింపగా 23 చిల్లర. నిజమైన నగదు వాటా కైదు రూపాయలు కలిపి, దాచిన యప్పు పదునెనిమిది తీసివేసినచో మిగిలినది పది రూపాయలు. ఒక్క మూడు నెలల లెక్కను ఏడాదికంతకు చాచుట గట్టి పద్ధతి కాదు గనుక ఇది ఉజ్జాయింపే యని పిల్ల అడుగున వ్రాసినది. ఉజ్జాయింపైనను, 330కిని పదికిని గల దూరము చూడుడు. సూత్ర మంతటను నొక్కటే. తిరుగలి మంచిదే, పోసినవి గింజలో రాళ్లో అది యెఱుగదు. జనవరి 6 రాత్రి మోసమును పట్టియుండలేననియు, 330 అను నంకెపై సంతకము మాత్రము చేసియుండననియు ఆమె నిర్ణయము. మేము దీనిని ఒప్పుకొంటిమి.

ఈ నడుమ నొక యింటి వ్యవహారమును వచ్చిపడినది. మా యాడుబిడ్డ ఈ సంవత్సరమే యుద్యోగవిరమణ చేసినది. వచ్చిన సొమ్మును బ్యాంకిలో నుంచుకొని, "ఇంత చదివావు గదా, ఏ కంపెనీలో పెట్టమంటావో చెప్పవే" యని కూతు నడిగెను. వ్యాసమునకు ముందైనచో పిల్ల యేదో పేరు చెప్పియే యుండును. ఇప్పుడామె, "అమ్మా, నువ్వు బతకడానికి కావలసింది ప్రభుత్వ పొదుపు పథకంలో వెయ్యి. మిగిలిన నాలుగో వంతు మాత్రం పదేళ్లదాకా ముట్టనంటే, చాలా కంపెనీలు కలిపిన ఫండులో పెడదాం. ఒక్క కంపెనీ పేరు నేను చెప్పను" అనెను. తల్లి కొంత చిన్నబోయినది. చదివించిన దీనికా యని మాతోననెను గూడ. ఐనను కూతురు చెప్పినట్లే చేసినది.

సత్యం ఉదంతమునకు పిమ్మట చట్టములు కొన్ని మాఱినవి. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలలో నొకే ఆడిటరు సంస్థ వరుసగా పదేండ్లకు మించి యుండరాదు. ఎక్స్ఛేంజిలో చేరిన కంపెనీల డైరెక్టర్లలో నొక స్త్రీ యైనను ఉండితీరవలయును. ఆ యొక్క స్త్రీ డబ్బా మూత తీయించగలదో లేదో కంపెనీనిబట్టి యుండును. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుగారికిని మఱి తొమ్మండుగురికిని ఏడేండ్ల కారాగారశిక్ష విధించెను. మరుసటి నెలలో పై న్యాయస్థానము శిక్షను నిలిపి వారికి జామీను నిచ్చెను.

మౌఖికపరీక్షలో పరీక్షకులు మూడవ గడినే పట్టుకొనిరట. పది రూపాయలే విలువైనచో, 2009 ఏప్రిలులో ప్రభుత్వము నియమించిన డైరెక్టర్లు కంపెనీని వేలము వేసినపుడు కొనువా రేల వచ్చిరి? ఈ ప్రశ్న వచ్చునని యెఱిగి పిల్ల కడపటి పుటలో ఆ వేలపు పాటను వ్రాసియే యుంచినది. నాటికి నమ్మదగిన లెక్క యొక్కటియు లేదు. సరిదిద్దిన లెక్కలు 2010 సెప్టెంబరులో గాని రాలేదు. పాడినవారు మువ్వురు. టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయలు పాడెను. లార్సెన్ అండ్ టూబ్రో 45 రూపాయల 90 పైసలు. విల్బర్ రాస్ అను అమెరికా ధనికుని సంస్థ 20 రూపాయలు. మువ్వురును ఆరితేరిన విలువరులే, చూచిన కంపెనీ యొక్కటే, దినమును ఒక్కటే. బ్యాంకిలో సొమ్ము లేకపోయినను, వేలకొలది యుద్యోగులు ప్రతిదినమును వచ్చి పనిచేయుచునే యున్నారనియు, దూరదేశములలో సేవలు పొందుచున్న వర్తకులు పలువురు విడువక నిలిచియున్నారనియు, 58 పాడినవారు దానికే వెల యిచ్చిరనియు పిల్ల జవాబు చెప్పెను. వారిని ఏ గడిలో వేసితివని పరీక్షకు లడిగిరి. తన పట్టికలో వారికి గడి లేదనియు, మరల వ్రాసినచో అచ్చటినుండియే మొదలుపెట్టుదుననియు చెప్పి వచ్చినది.